బెల్లం పాకంలాంటి చమురు కదలాలంటే కెమికల్ పోస్తే సరిపోతుందా?

కల్హేర్ నుంచి మళ్లీ నేనే. మన నారాయణఖేడ్ దిక్కు చమురు బావుల్లేవు, అది మీకూ తెలుసు. కానీ బెల్లం పాకం తెలుసు కదా? వేడి మీద గరిట నుంచి జారుతుంది, చల్లారితే గిన్నెకే అతుక్కుంటుంది. ఈరోజు కథంతా అదే.

ముందు మన కాకినాడ తీరం. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ అక్కడి లోతు సముద్రంలో, కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది. అందులో మైనం ఎక్కువ. అడుగున చల్లదనానికి గొట్టంలోనే గడ్డకట్టొచ్చు. అందుకే పైపులో పైపు పెట్టారు, అచ్చం మన ఫ్లాస్కులాగా.

హెవీ ఆయిల్ దీనికన్నా మొండిది. గుజరాత్ మెహసానా దగ్గర బలోల్, సంథాల్‌లలో అయితే భూమి లోపలే కొంత చమురును మండించి, ఆ వేడితో మిగతాది కదిలిస్తారు. అవును, నిజంగానే నిప్పు పెడతారు! కెనడా అథాబాస్కాలో చమురు నీటికన్నా పది లక్షల రెట్లకు పైగా చిక్కన. అక్కడ ఆవిరి పంపుతారు. ఒక పీపా చమురుకి సుమారు మూడు పీపాల నీళ్లు ఆవిరి కావాలి, దానికి గ్యాస్ కాల్చాలి.

మరి ఆవిరి బదులు ప్రొపేన్, బ్యూటేన్ లాంటి సాల్వెంట్ పంపితే? రోజర్ బట్లర్ 1991లోనే ఈ ఐడియా ఇచ్చాడు, పేరు వేపెక్స్. పెయింట్‌లో థిన్నర్ కలిపినట్టే. ల్యాబ్‌లో బాగుంది. రాతిలో మాత్రం వేడి పాకినంత వేగంగా సాల్వెంట్ పాకదు, వందల రెట్లు తేడా! పైగా అస్ఫాల్టీన్లనే బరువు పదార్థం విడిపోయి రాతి రంధ్రాలను మూసేయొచ్చు.

అందుకే ఇప్పుడు రెండూ కలుపుతున్నారు. ఆవిరిలో కొంచెం సాల్వెంట్. 2024లో కెనడా కోల్డ్ లేక్‌లో ఇంపీరియల్ కంపెనీ దీన్ని కమర్షియల్‌గా మొదలుపెట్టింది.

కొత్తవాటిలో నాకు నచ్చింది డైమిథైల్ ఈథర్. చమురులోనూ కరుగుతుంది, నీటిలోనూ కొంత కరుగుతుంది. అంటే లోపల మిగిలిపోయినదాన్ని నీళ్లు పంపి కడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు. అయానిక్ లిక్విడ్స్ మీద కూడా పేపర్లు చాలా వస్తున్నాయి కానీ, వాటి ఖరీదు చూస్తే నాకు పెద్ద ఆశ లేదు.

ఎందుకంటే అసలు లెక్క అక్కడే ఉంది. సాల్వెంట్ చమురుకన్నా ఖరీదు కావొచ్చు. లోపలే ఉండిపోతే డబ్బు మట్టిలో పోసినట్టే, పక్కన భూగర్భజలం ఉంటే భయం కూడా. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి, "మా కెమికల్‌తో పాత బావులన్నీ పొంగుతాయి" అనే వీడియోలు బాగా తిరుగుతాయి. కెమికల్ ఇంజనీరింగ్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకుంటే ఎంత చమురు వచ్చిందని గ్రాఫ్ వేసి ఊరుకోవద్దు. పంపిన సాల్వెంట్‌లో ఎంత తిరిగొచ్చిందో పక్కనే ఇంకో గీత గీయండి.