అయిదు మిల్లీమీటర్ల తేడా

ఎల్లారెడ్డిపేట వైపు మక్కచేన్ల మీద అడవిపందులు పడ్డాయంటే, తాతల నాటి పన్నెండు బోరు తుపాకుల మాట వస్తుంది. లైసెన్సున్నా సరే, వాటిని బయటికి తీసేముందు ఒక సంగతి వినండి.

పాత తుపాకుల్లో చాలావాటి చాంబర్ పొడవు రెండున్నర అంగుళాలు, అంటే దాదాపు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటా 70. అయినా అది ఆ చిన్న చాంబర్‌లో చక్కగా ఇమిడిపోతుంది! ప్రమాదమంతా అక్కడే ఉంది. 70 అన్నది పేలి విచ్చుకున్నాక ఉండే పొడవు. అంతకుముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది. కాల్చగానే ఆ మడత విచ్చుకుని, బారెల్ సన్నబడే చోటికి పొడుచుకొస్తుంది. దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. పాత ఇనుము తట్టుకోలేకపోవచ్చు.

అందుకే తూటాలు మళ్లీ నింపుకునే దేశాల్లో ఖాళీ గొట్టాలను చాంబర్‌కు తగ్గట్టు, అన్నీ ఒకే పొడవుకు కోస్తారు. హెచ్చుతగ్గులుంటే మూతి మడత ఒక్కోదానికి ఒక్కో తీరుగా పడుతుంది.

మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఆ పని ఇంట్లో వద్దు. తుపాకీని లైసెన్సున్న దుకాణంలో చూపించి చాంబర్ కొలిపించండి. 65 అని తేలితే, తూటాల పెట్టె మీదా అదే అంకె చూసి కొనండి.