తూటాలోని సమత్వము

(గచ్చిబౌలిలో ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



సైబర్ టవర్లకు కొలది మైళ్ల దూరమున, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో షూటింగ్ రేంజి కలదు. అచ్చట గురి నేర్చు యువకులు కొందరు మమ్మడిగిరి: "అమెరికాలో సైన్యమునకు మిగిలిన తూటాలను చౌకగా కొని, సవరించి, గురి పెంచుకొనుచున్నారట. మన మేల చేయరాదు?" ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట మాకు సమ్మతము గాదు.

సైనికుని తూటా గురికొరకే పుట్టినది కాదు. తడిసినను, ఏండ్ల తరబడి పెట్టెలో పడియున్నను, మరతుపాకిలో చిక్కుకొనక పేలవలయును. అందుచేత ఇత్తడిగొట్టపు మెడ గుండును గట్టిగా నొక్కిపట్టును. తేమ చొరకుండ తారువంటి పూతయు నుండును. ఈ పట్టు అన్ని తూటాలకు ఒక్కతీరుగా నుండదు. పట్టు మారిన వేగము మారును. వేగము మారిన గుండు పడుచోటు మారును. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. సైనికగుండు రాగితొడుగునకు మొన మూసియుండును, అడుగు తెరచియుండును. పోటీగుండు దీనికి తలక్రిందు: అడుగు మూసి, మొనయందు సన్నని రంధ్రము విడుతురు. వాయువు త్రోయునది అడుగునే గదా! అది ఏమాత్రము వంకరయైనను గుండు దారి తప్పును. చూచువాడు మొననే చూచును. గురి మాత్రము మడమలో నున్నది.

కావుననే అమెరికావారు 7.62 తూటానుండి 147 గ్రెయిన్ల గుండును ఊడదీసి, 168 గ్రెయిన్ల పోటీగుండు నమర్చిరి. దీనికి 'మెక్సికన్ మ్యాచ్' అని వింతపేరు. బరువైన గుండుక్రింద మందు తగ్గింపకున్న ఒత్తిడి పెరిగి, రైఫిలే పగులవచ్చును. అచ్చట 1903లో మొదలైన పౌరశిక్షణ పథకము సైన్యపు మిగులు సరకును జనులకు అమ్ముచు వచ్చినది.

మన దేశపు సంగతి వేరు. 1959 ఆయుధచట్టము 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము. సైనిక తూటా నిషిద్ధవర్గమున చేరినచో 7వ సెక్షనుకూడ మీదపడును. 2019 సవరణతో శిక్షలు మరింత కఠినమైనవి. న్యాయవాదులముగా మేము స్పష్టముగ చెప్పుచున్నాము: ఇంటిబల్లపై ఈ పని తలపెట్టకుడు.

అయిన గురికి దారి లేదా? కలదు. 2012 లండనులో కాంస్యము గెలిచిన గగన్ నారంగ్ మన నగరమువాడు. ఆయన పోటీచేసిన 50 మీటర్ల .22 విభాగములందు తూటాను ఎవరును విప్పరు. ఒకేసారి తయారైన తూటాలను, లాటు వెంట లాటుగా, తన గొట్టముతోనే కాల్చి, దేనికి గుండ్లు దగ్గరగా పడునో దానినే కొందురు. గొట్టము మారిన లాటు మారును. ఇందుకై మనవారు ఇంగ్లండు ఎలీ, జర్మనీ ఆర్.డబ్ల్యు.ఎస్. వంటి కంపెనీల తూటాలను నమ్ముకొనియున్నారు. ధనము గలవాడు తెప్పించుకొనును; ఎన్.సి.సి.లో తుపాకి పట్టిన పేదకుర్రవాని గతి యేమి?

1869 నాటి ఖడ్కీ తూటాల కర్మాగారము మన దేశములోనే యున్నది. 2021నుండి అది మునిషన్స్ ఇండియా క్రింద నడచుచున్నది. చౌకతూటాను సవరింపుమని కుర్రవానిని పురికొల్పుటకంటె, లాటులను పరీక్షించి, తరగతులు కట్టి, రేంజిలకు పంపుమని ఆ సంస్థను కోరుట మేలుగాదా? ఈ యర్థముతో రక్షణశాఖకు వ్రాసిన వినతిపత్రము ద్వారమువద్ద బల్లపై నున్నది. చదివి, సమ్మతించినవారు సంతకము చేయవచ్చును.