చదివి చూడవలసిన నగరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

  

ఇరువదియైదేండ్ల క్రిందట ఒక చిన్న గదిలో, ఒక్క చెక్క బీరువాతో మొదలైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుట ఊరందరకును పండుగ. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఏమి చెప్పుదునా అని కొంత ఆలోచించితిని. గ్రంథములను గురించి చెప్పుటకు నాకంటె పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. నేను బడిపంతులును. నలుగురిని వెంటబెట్టుకొనిపోయి ఒక చోటును చూపుట నాకు తెలిసిన పని. కనుక హైదరాబాదు పాతబస్తీని చూచుటను గురించి ముచ్చటించెదను.

"హైదరాబాదు మాకు తెలియనిదా?" అని మీరు నవ్వవచ్చును. నిజమే. ఆసుపత్రికి పోయితిమి, కోర్టుకు పోయితిమి, పెండ్లి బట్టలకు పోయితిమి. కాని పని మీద పోవుట వేరు, చూచుటకు పోవుట వేరు. మన ఊరి పిల్లలు కొందరు విదేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారి తలిదండ్రులు రోము, పారిసు, లండను నగరములు చూచి వచ్చినారు. ఒక పెద్దమనిషి పారిసులోని విజయతోరణమును ఎంతయో చక్కగా వర్ణించెను. అది 1836లో పూర్తియైనదని సంవత్సరముతో సహా చెప్పెను. "చార్మినారు ఎక్కితిరా?" అని అడిగితిని. "లేదు" అని ఆయన తల వంచుకొనెను. ఆ తోరణమునకు 245 ఏండ్లు ముందుగానే, నాలుగు వీధుల కూడలిలో, మన రాజధానిలో ఒక మహాతోరణము లేచినది. ఆయనను తప్పు పట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. దగ్గరనున్నదానిని ఎప్పుడైనను చూడవచ్చునను ధీమాయే మనలను చూడనీయదు.

మన గ్రంథాలయము పక్షమున కొన్ని ఏండ్ల క్రిందట మొదటి విహారయాత్ర చేసితిమి. నలుబది మందిమి ఒక బస్సులో పోయితిమి. ఒక్క దినములో గోల్కొండ, చార్మినారు, మ్యూజియము, జంతుప్రదర్శనశాల అన్నియు ముగించితిమి. మరునాడు పిల్లలను చూచినది వ్రాయుమని అడిగితిని. ఒక బాలుడు వ్రాసిన వ్యాసము రెండే వాక్యములు: చార్మినారు ఎత్తుగా ఉన్నది, ఎండ మిక్కుటముగా ఉన్నది. నేను ఆ కుర్రవానిని మందలించలేదు. చూపించిన నేను అంతకంటె ఎక్కువ చూపలేదు. ఆ కాగితము ఇప్పటికిని నాయొద్దనే ఉన్నది.

రెండవ మారు మరియొక విధముగా ప్రయత్నించితిమి. పండ్రెండు మందిమే. నెలన్నరపాటు సాయంకాలములందు ఇచ్చటనే కూర్చుండి దొరికిన పుస్తకములు చదివితిమి. ఒక్కొక్కరికి ఒక్కొక్క కట్టడము పంచితిమి. ఆ కట్టడము వద్దకు చేరినప్పుడు దానిని గురించి వారే మిగిలినవారికి చెప్పవలెను. శుక్రవారమునాడు మ్యూజియమునకును చౌమహల్లాకును సెలవు గనుక ఆ దినము మానుకొంటిమి. గోల్కొండ పేరే ఎత్తలేదు. మూసీ నుండి చౌమహల్లా వరకు ఒక్క దారి, కాలినడకన. ఆ నడకను మీ ముందు పెట్టెదను.

బస్సు దిగి మొదట నది ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ వైపు పోయితిమి. అచ్చట ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15 వేలమంది మరణించిరని అంచనా. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొనెను. ఆ దినము ఈ చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బ్రతికి బయటపడిరి. మాతో వచ్చిన ఒక అవ్వ వరదను గురించి చెప్పుట తన వంతుగా తీసికొనినది. ఆమెకు చదువు రాదు. మనుమరాలు చదివి వినిపించినది. చెట్టు క్రింద నిలిచి రెండు మాటలు చెప్పి ఆగిపోయినది. "ఇంతమందిని మోసినవా తల్లీ!" అని చెట్టును తాకి కండ్లు తుడుచుకొనినది. అంతకంటె మంచి ఉపన్యాసమును నేనిదివరకు వినలేదు.

ఆ వరద తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. పట్టణములో గట్లు పోసినంత మాత్రమున చాలదు, పైననే నీటిని ఆపవలెనని ఆయన సలహా యిచ్చెను. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. చెరువు క్రింద సేద్యము చేయు మనకు ఈ ఆలోచన తెలియనిది కాదు. పై చెరువు నిలిచిననే క్రింది చెరువు కట్ట నిలుచును.

అదే ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన సంస్థ ఇది. నేటి భవనము 1936 నాటిది. లక్షలకొలది గ్రంథములున్న ఆ చదువుశాలలో మన ఊరి పిల్లలు చెప్పకయే గొంతు తగ్గించి మాటలాడిరి. మన బీరువా ఆ మహావృక్షమునకు దూరపు పిలక అని వారికి తోచియుండును. నదికి ఆవల ఎదుట హైకోర్టు భవనము కనబడును. అదియు, ఉస్మానియా ఆసుపత్రియు విన్సెంటు ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పనలే.

నయాపూల్ దాటి సాలార్‌జంగ్ మ్యూజియము చేరితిమి. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1912 నుండి 1914 వరకు నిజాము ప్రధానిగా ఉండి, తరువాతి జీవితమంతయు వస్తుసేకరణకే వెచ్చించెను. 1949లో ఆయన మరణించిన పిదప, 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఈ ప్రదర్శనశాలను దివాన్ దేవిడీలో ప్రారంభించిరి. 1968లో నేటి భవనమునకు మారినది. ఇచ్చట అన్నియు చూడవలెనన్న ఆశ పెట్టుకొనరాదు. మేము మూడే చూచితిమి. మొదటిది మేలిముసుగు రెబెక్కా. రోము నగర శిల్పి బెంజోని చలువరాతిలో చెక్కిన ఆ స్త్రీ ముఖముపై పలుచని ముసుగు. ఆ ముసుగును రాయియే! మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో రోము నుండి తెచ్చెను. రెండవది ఒకే మ్రానులో ఒకవైపు మెఫిస్టోఫిలీసు, మరియొకవైపు మార్గరెటా రూపములుగల కొయ్య శిల్పము. మూడవది గంటగంటకు ఒక చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టు గడియారము. దాని ముందర పెద్దలు పిల్లలైపోవుదురు. మా పంతుళ్ళమును తప్పించుకొనలేదు.

అచ్చటనుండి పత్తర్‌గట్టీ రాతి అంగళ్ళ వరుసల నడుమ దక్షిణముగా నడచినచో నాలుగు కమానులు వచ్చును. ఇదియే చార్‌కమాన్. నడుమ గుల్జార్ హౌజ్ అను నీటితొట్టి. పడమటి కమాను నుండి ఒకప్పుడు కుతుబ్‌షాహీ రాజభవనములకు దారి. ఆ భవనములు నేడు లేవు. ద్వారము మాత్రము నిలిచినది. చదువనివానికి అది సందుమొగలోని ఒక కమాను మాత్రమే. చదివినవానికి దాని వెనుక ఒక రాజధాని అంతయు కనబడును.

ఇక చార్మినారు. గోల్కొండ కోటలో జనము క్రిక్కిరిసి, నీటి యెద్దడి పెరుగగా మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణమున కొత్త నగరము కట్టించెను. అతని పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగరరచన చేసెననియు, రెండు రాజవీధులు ఒకదానినొకటి ఖండించునట్లును, ఆ కూడలిలో 1591లో చార్మినారు వెలయునట్లును ఏర్పరచెననియు చెప్పుదురు. గోల్కొండ నుండి మచిలీపట్నము రేవునకు పోవు వర్తకపు దారిని ఈ వీధులలో ఒకటి కలుపుకొనినది. చార్మినారు ఎందుకు కట్టిరని అడిగినచో మహమ్మారి శాంతించినందుకని ఒకరు, హిజ్రీ సహస్రాబ్ది గుర్తుగా నని మరియొకరు చెప్పుదురు. భాగమతి కథ సరేసరి. వీనిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. కథను కథగా వినవలెను, ఆధారమును ఆధారముగా చూడవలెను. ఈ వివేకము నేర్పుటకే గదా గ్రంథాలయము!

ఒక్కొక్క మినారులో 149 చుట్టుమెట్లు కలవు. పై అంతస్తున పడమటివైపు మసీదు కలదు. సందర్శకులను మొదటి అంతస్తువరకే పోనిత్తురు. నాలుగు ముఖములనున్న గడియారములు 1889లో అమర్చినవి. కట్టడమంతయు రాయియు, గచ్చుసున్నమును. సున్నము గాలిని పీల్చుకొని ఏండ్ల తరబడి గట్టిపడును, తేమను బయటికి పోనిచ్చును; అందుచేతనే నాలుగు వందల ఏండ్లు నిలిచినది. అయినను నిలిచినదంతయు తనంతట తాను నిలువదు. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు పెచ్చు ఊడి క్రింద పడినది. పురావస్తుశాఖవారు మరమ్మతు చేసిరి. కాపలా ఒక దినము తప్పినచో కాలము తన పని తాను చేయును.

ప్రక్కనే మక్కామసీదు. పాదరక్షలు విడిచి, స్త్రీలు తలపై కొంగు కప్పుకొని ఆవరణములోనికి పోవలెను. దీనికి మహమ్మద్ కుతుబ్‌షా పదునేడవ శతాబ్ది ఆరంభములో పునాది వేసెను. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పని నడుచుచుండగా చూచెను. మసీదు గూటికై ఒక మహాశిలను గనినుండి తీయుటకే ఐదారువందల మంది ఐదేండ్లు పని చేసిరనియు, దానిని లాగుటకు 1400 ఎడ్లు కావలసివచ్చెననియు వ్రాసెను. ఆ ఎడ్లు మనవంటివారి కొట్టములలోనివి. ఆ రాతి పనివారు మనవంటి ఊళ్ళవారు. ఒక్కరి పేరును ఎచ్చటను లేదు. 1687లో గోల్కొండ పతనమైనది. కట్టించిన వంశము పోయినది. మిగిలిన పనిని 1694లో జయించిన ఔరంగజేబు కాలమున ముగించిరి. ఒకరు మొదలుపెట్టినదానిని మరియొకరు, శత్రువే యైనను, పూర్తిచేయుట ఈ నగరపు రీతి.

ఆ రాజులకు తెలుగుతో పొత్తు లేదనుకొనరాదు. మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. మొదటి అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రను పొన్నగంటి తెలగనార్యుడు అమీన్‌ఖానునకు అంకితము చేసెను. 1578 నాటి పురానాపూల్ ఆ ఇబ్రహీము కట్టించినదే.

లాడ్‌బజారులో లక్కను నిప్పులసెగన కరగించి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగుచుండగా మా ఆడపడుచులు కదలలేదు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటినుండి చౌమహల్లాకు పోయితిమి. పదునెనిమిదవ శతాబ్దిలో మొదలై, 1857-1869 నడుమ అఫ్జలుద్దౌలా కాలమున పూర్తియైన ఆ ఆసఫ్‌జాహీ దర్బారును బాగుచేసి ప్రజలకు తెరచినారు. 2010లో యునెస్కో వారి పురస్కారము వచ్చినది. అన్ని కట్టడములకు ఈ భాగ్యము లేదు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికి 2020 జూలైలో వాననీరు చొచ్చినందున రోగులను తరలించిరి. దానిని నిలుపవలెనా, కూల్చవలెనా అను వాదము న్యాయస్థానమువరకు పోయినది.

సోదరులారా! తిరుగుబస్సులో అవ్వ మనుమరాలు నన్నొక ప్రశ్న అడిగినది: "సార్, మన ఊరి చెరువు ఎప్పుడు కట్టిరి?" నేను జవాబు చెప్పలేకపోయితిని. బస్సులోనున్న పెద్దలెవ్వరును చెప్పలేకపోయిరి. చార్మినారు సంవత్సరము కంఠస్థము. మన చెరువు సంవత్సరము తెలియదు. గుడిముందర నిలిచియున్న రాతిపై అక్షరములున్నవని చిన్నప్పుడు విన్నాము. ఏటేట పండుగకు దానిపై సున్నము పూసి పూసి ఆ అక్షరములను మనమే మూసివేసితిమి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నగరదర్శనమువలన కలుగవలసిన ఫలము ఇదియే. చదివి చూచినవాడు ఇంటికి వచ్చి తన ఊరిని కొత్త కండ్లతో చూచును. ఆ మరుసటి వారమే మన గ్రంథాలయములో ఒక పెద్ద పుస్తకము తెరచితిమి. చెరువు, తూము, మెట్లబావి, పాత దారులు, పేటల పేర్లు - పెద్దలు చెప్పినదానిని పిల్లలు వ్రాయుచున్నారు. ఇప్పటికి నలుబది పుటలు నిండినవి. చెప్పగల పెద్దలు ఏటేట తరుగుచున్నారు. కనుక ఈ సభలోనున్న తాతలను, అవ్వలను వేడుకొనుచున్నాను: ఒక సాయంకాలము వచ్చి కూర్చుండి మీకు తెలిసినది చెప్పుడు. గుడి పెద్దలను మరియొకటి కోరుచున్నాను: ఈ యేడు ఆ రాతికి సున్నము పూయవలదు. తెలిసినవారిని పిలిపించి మెల్లగా కడిగించి చదివింతము.

మరల వచ్చు చలికాలములో పాతబస్తీకి మూడవ యాత్ర చేయ సంకల్పించినాము. పేర్లు ఇచ్చువారు ముందుగా పుస్తకము తీసికొనిపోవలెను. అది చదివినవారికే బస్సులో చోటు. వెండి పండుగ చేసికొన్న ఈ సంస్థ బంగారు పండుగనాటికి మన ఊరి చరిత్రను అచ్చొత్తించి పంచగలదని ఆశించుచున్నాను.