రెండు తలాంతుల సేవకుడు: ఆర్గనిస్టు రింక్

(శతజయంతి ఉత్సవాలలో గాయక బృందాల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



చర్చి సంగీతానికి సేవ చేసిన ఒక మహనీయుని జీవితం గురించి మాట్లాడమని కమిటీవారు నన్ను కోరారు. నేను బాఖ్ గురించో, హాండెల్ గురించో చెబుతానని వారు అనుకొని ఉంటారు. ఆ ఇద్దరినీ పక్కనుంచి, మీలో చాలామంది పేరైనా విని ఉండని ఒక జర్మన్ ఆర్గనిస్టును నేను ఎన్నుకున్నాను. ఆయన పేరు యోహాన్ క్రిస్టియన్ హైన్రిఖ్ రింక్.

తలాంతుల ఉపమానంలో ఐదు తలాంతులవానిని గురించి, ఉన్న ఒక్కటీ పాతిపెట్టినవానిని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మధ్యనున్న రెండు తలాంతులవానిని గురించి విన్నది తక్కువ. కాని యజమాని ఐదు తలాంతులవానిని ఎంతగా మెచ్చుకున్నాడో ఇతనినీ అంతే మెచ్చుకున్నాడు. రింక్‌ను చూసినప్పుడల్లా నాకు ఆ మధ్యవాడే గుర్తుకొస్తాడు.

రింక్ 1770 ఫిబ్రవరి 18న జర్మనీలోని తురింగియా ప్రాంతంలో, ఎల్గెర్స్‌బుర్గ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. బాఖ్ పుట్టిన ప్రాంతం కూడా అదే. అప్పటికి బాఖ్ చనిపోయి ఇరవై ఏళ్లయింది. అయితే ఆయన చివరి శిష్యులలో ఒకరైన కిట్టెల్ ఎర్ఫుర్ట్ పట్టణంలో ఆర్గన్ నేర్పుతుండేవారు. పదహారేళ్ల వయసులో రింక్ ఆయన దగ్గర చేరి, 1786 నుండి 1789 వరకు విద్య నేర్చుకున్నారు. మన గురుశిష్య పరంపర లెక్కన చూస్తే రింక్ బాఖ్‌కు మనుమడి వరుస అన్నమాట.

1790లో గీసెన్ పట్టణంలో ఆర్గనిస్టు పని దొరికింది. జీతం స్వల్పం. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ పదిహేనేళ్లు అక్కడే గడిపారు. 1805లో డార్మ్‌స్టాట్ నగరానికి వెళ్లి ఆర్గనిస్టుగా, గాయక బృంద నాయకుడుగా, పాఠశాలలో సంగీతోపాధ్యాయుడుగా పనిచేశారు. 1813లో అక్కడి ప్రభువు ఆస్థానంలో ఆర్గనిస్టు అయ్యారు. ఒకనాడు చాలీచాలని జీతంతో బతికిన ఆ గీసెన్ పట్టణంలోని విశ్వవిద్యాలయమే 1840లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1846 ఆగస్టు 7న డార్మ్‌స్టాట్‌లోనే కన్నుమూశారు. ఇంతే ఆయన కథ. యుద్ధాలు లేవు, రాజసభలలో పందేలు లేవు.

మరి ఆయన చేసిన గొప్ప పని ఏమిటి? అది తెలియాలంటే ఆనాటి జర్మనీ పల్లెల సంగతి కొంచెం తెలియాలి. అక్కడి పల్లెలలో సాధారణంగా బడిపంతులే ఆర్గనిస్టు. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఆదివారం వచ్చి ఆర్గన్ ముందు కూర్చోవాలి. మన దగ్గర కూడా మిషన్ కాలంలో అనేక పల్లెలలో బడిపంతులే ఆరాధన నడిపించేవారని, ఆయనే కీర్తన ఎత్తుకునేవారని మన పెద్దలకు తెలుసు.

ఆర్గన్ మన హార్మోనియం వంటిది కాదు. చిన్నవీ పెద్దవీ వందలాది గొట్టాలుంటాయి. తిత్తుల గాలి ఆ గొట్టాలలోకి పోతే స్వరం పలుకుతుంది. చేతులకు మెట్లున్నట్టే కాళ్లకూ మెట్లుంటాయి. చేతులు ఒకటి వాయిస్తుంటే పాదాలు మరొకటి వాయించాలి. కీర్తనకు ముందు చిన్న ఉపోద్ఘాత సంగీతం వాయిస్తే సంఘానికి రాగమూ శ్రుతీ అందుతాయి. తరువాత సంఘాన్నంతా ఒక్క గొంతుగా నడిపించాలి. పాదానికీ పాదానికీ మధ్య సంఘం ఊపిరి తీసుకొనే వేళ చిన్న ముక్క వాయించే వాడుక కూడా ఆ రోజులలో ఉండేది. ఇదంతా ఒక పల్లెటూరి పంతులు తనంతట తాను చేయగలడా? బాఖ్ రచనలు అతని ముందు పెడితే అతనికి దిక్కు తోచదు.

రింక్ ఆ పంతులు కోసం రాశారు. ఆయన రచనలు నూటపాతిక దాకా ప్రచురణ సంఖ్యలు పొందాయి. వాటిలో అధిక భాగం ఆర్గన్ కోసం, అందులోనూ సామాన్య ఆర్గనిస్టు కోసం రాసినవే. 1820 ప్రాంతంలో ఆరు భాగాలుగా వెలువడిన ‘అభ్యాస ఆర్గన్ పాఠశాల’ వాటిలో ముఖ్యమైనది. తేలిక పాఠాలతో మొదలుపెట్టి, చేతులకూ పాదాలకూ తర్ఫీదునిస్తూ, చివరకు ఆరాధనలో ధైర్యంగా వాయించగల స్థితికి విద్యార్థిని తీసుకువెళ్లే గ్రంథమది. ఫ్రాన్సులో, ఇంగ్లండులో కూడా దానిని ముద్రించుకున్నారు. ఆర్గన్‌లోని పిల్లనగ్రోవి స్వరం ప్రధానంగా వినిపించేటట్లు ఆయన రాసిన ఒక రచన అందులోనే ఉంది. నేటికీ కచేరీలలో దానిని వాయిస్తున్నారు.

ఆయన రచనలను బాఖ్ రచనల సరసన ఎవరూ పెట్టరు. అవి సాదాసీదాగా ఉంటాయన్న మాట నిజమే. కాని సాదాగా రాయడం ఆయన చేతకానితనం కాదని నా అభిప్రాయం. కూలిపని చేసుకొని వచ్చినవానికి అర్థమయ్యేటట్లు ప్రసంగం చేయడం పండితుల సభలో మాట్లాడడం కన్నా తేలికేమీ కాదు.

ఇది మొదటి తలాంతు. రెండవది ఇంకా విచిత్రమైనది. రింక్‌కు పాత సంగీత ప్రతులను సేకరించి దాచే అలవాటు ఉండేది. నాయ్‌మైస్టర్ అనే మరో ఆర్గనిస్టు తన చేతితో రాసుకున్న ఒక నోటుపుస్తకం అలాగే ఆయన దగ్గరకు చేరింది. అందులో ఎనభై పైచిలుకు చిన్న రచనలు ఉన్నాయి. అన్నీ కీర్తనలకు ముందు వాయించుకొనేవే. రింక్ దానిని తన పుస్తకాలతోపాటు భద్రపరిచారు.

ఆయన మరణానంతరం, 1852లో, ఆ గ్రంథాలయాన్ని అమెరికాకు చెందిన లోవెల్ మేసన్ కొన్నారు. క్రిస్మస్ దినాలలో మనం పాడే ‘జాయ్ టు ది వరల్డ్’ పాట స్వరాన్ని నేటి రూపంలో కూర్చినది ఆయనే. ఆయన పోయిన తరువాత 1873లో ఆ పుస్తకాలు యేల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. నూరేళ్లకు పైగా ఆ నోటుపుస్తకం అక్కడి అరలోనే ఉండిపోయింది. 1984లో పండితులు దానిని తెరచి పరిశీలించారు. అందులో 38 రచనలు బాఖ్ పేరుతో ఉన్నాయి. వాటిలో ముప్పై పైచిలుకు అప్పటిదాకా లోకానికి తెలియనివి! మరుసటి సంవత్సరం, బాఖ్ పుట్టి మూడు వందల ఏళ్లయిన 1985లో, వాటిని ముద్రించారు. ఇద్దరు సామాన్య ఆర్గనిస్టులు, ఒకరు రాసుకొని, ఒకరు దాచిపెట్టి, అంతటి మహానుభావుని పడుచుతనపు రచనలను మనకు మిగిల్చారు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నాకు హార్మోనియం నేర్పిన పెద్దాయన కూడా బడిపంతులే. ఆయన దగ్గర అట్ట ఊడిన ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ కీర్తన ఏ రాగంలో పాడాలి, ముసలివాళ్లు ఎక్కువగా వచ్చే ఉదయపు ఆరాధనలో ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, ఏ చరణం దగ్గర సంఘం తాళం తప్పుతుంది, అన్నీ అందులో పెన్సిలుతో రాసుకున్నారు. ఆయన పోయాక అది నా చేతికి వచ్చింది. ‘ఇవన్నీ నాకు వచ్చినవేగదా’ అనుకొని నేను దానిని చర్చి బీరువాలో పడేశాను. ఒక పండుగకు ముందు సున్నాలు వేస్తూ బీరువా ఖాళీ చేసినప్పుడు, చెదపట్టిన కాగితాలతో కలిపి దానినీ బయట పారేశారు. పారేసినవారిని నేను తప్పుపట్టను. దాని విలువ వారికి చెప్పవలసినవాడిని నేనే. ఈనాడు రెండు మూడు కీర్తనలకు ఆయన పాడిన పాత వరుస నాకు సగమే గుర్తుంది. మిగతా సగం అడగడానికి ఎవరూ లేరు.

కాబట్టి గాయక బృందాలవారిని నేను కోరేది రెండే. మీ సంఘంలో పాత వరుసలు తెలిసిన పెద్దలు ఉంటే, ఈ ఉత్సవాలు ముగిసేలోగా వారి ప్రక్కన కూర్చొని రాసుకోండి. రాసినదానిని ఒక్కచోట కాక రెండు చోట్ల ఉంచండి. మీకు వచ్చినది, అది కొంచెమే అయినా, ఇద్దరు పిల్లలకు నేర్పండి. వారు మీకన్నా బాగా వాయిస్తే సంతోషించండి.

మనలో బాఖ్ వంటివారు లేకపోవచ్చు. రింక్ వంటివారు ప్రతి సంఘంలోనూ ఉండవచ్చు. ప్రభువు మనకు అప్పగించిన రెండు తలాంతులను పాతిపెట్టక, నమ్మకముగా వాడుకొనే మనస్సు ఆయనే మనకు దయచేయునుగాక.