గృహచిత్రశాల: మితవ్యయము, మౌనము



1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రములో ప్రియదర్శిని యను పెట్టె యొకటి కలదు. దానిని తెరచి చూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖ తెరువగా అందులో అభిమన్యుడు కనబడెను. ఆ పెట్టె కోరినదానిని చూపును. తాను మాత్రము కిమ్మనదు. నేడు మధ్యతరగతి యుద్యోగి తన ముందుగదిలో టెలివిజను ప్రక్కన అమర్చుకొనదలచిన కంప్యూటరునుండి ఆశింపవలసినవి కూడ ఈ రెండు గుణములే. దీనికి తోడు అది జీతమునకు లొంగిన వెలలో లభింపవలయును. బొమ్మ చూపుట నేటి కంప్యూటరుకు కష్టము కాదు, కిమ్మనకుండుటయే కష్టము. అయితే ఆ మౌనము ధనవ్యయమువలన వచ్చునది కాదు. అల్పవిద్యుత్తుతో పని నెరవేర్చు యంత్రమును ఎంచుకొనుటవలన వచ్చును. ఈ ప్రసంగపు సారాంశ మింతియే.

మౌనమునకు ఇంత ప్రాధాన్య మేల యని కొందరు అడుగవచ్చును. ప్రభుత్వపు క్వార్టరులో ముందుగది ఒక్క పనికై కట్టినది కాదు. ఉదయము అది అతిథుల గది. సాయంకాలము పిల్లల చదువుల గది. రాత్రి తాతగారి మంచము పడునదియు అచ్చటనే. వేసవిలో పైకప్పు ఫ్యాను తిరుగునంతకాలము కంప్యూటరు రొద దానిలో కలిసిపోవును. ఢిల్లీలోనో నాగపూరులోనో చలికాలము రాగానే ఫ్యాను కట్టివేయుదురు. అప్పుడు అదే యంత్రపు రొద తుమ్మెద ఝంకారమువలె గదియంతయు నిండును. చిత్రములో మాటలు మెల్లగా సాగు ఘట్టము వచ్చినప్పుడు చూచువారు శబ్దమును పెంచుదురు. వెంటనే పాట వచ్చును. ప్రక్కగదిలో నిదురించు పసిపాప లేచును. ఆ తరువాత ఆ యంత్రమును ముట్టువారుండరు.

అసలు ఇట్టి కంప్యూటరు ఎవరికి అవసరము? చందా కట్టి ఇంటర్నెట్టు ద్వారా వచ్చు చిత్రములను మాత్రమే చూచువారికి నేటి టెలివిజనులోని ఏర్పాటు చాలును. పైగా ఆ సంస్థలు తాము పరీక్షించి ఆమోదించిన సాధనములకే అత్యుత్తమమైన బొమ్మను పంపుచుండును. కంప్యూటరులో అదే చిత్రము తక్కువ స్పష్టతతో రావచ్చును. కొనుటకు ముందే ఈ సంగతి తెలిసియుండుట మేలు. కంప్యూటరు అవసరమైనది సొంత నిధి కలవారికి. పెండ్లినాటి క్యాసెట్టు, అమ్మమ్మ పాడిన మంగళహారతి, ఊరిలో జరిగిన హరికథ, పిల్లవాని అన్నప్రాశన ఫోటోలు, వెల యిచ్చి కొన్న డిస్కులు ప్రతి యింటను ఏదో యొక రూపమున ఉన్నవి. కాని అవి యొకటి బీరువాలో, ఒకటి పాత ఫోనులో, మరొకటి పెన్‌డ్రైవులో చెదరియుండును. భోపాలులోను గౌహతిలోను పెరుగుచున్న తెలుగు పిల్లలకు ఇంటి గడప దాటినపిదప తెలుగు మాట చెవిని పడుట అరుదు. అమ్మమ్మ గొంతు బీరువాలో ఉన్నంతకాలము వారికి అది లేనట్లే. దానిని అందరు కూర్చుండు గదిలోనికి తెచ్చుటయే ఈ యంత్రమునకు నిజమైన ప్రయోజనము.

ఇక రొదకు మూలమును విచారింతము. కంప్యూటరు గ్రహించిన విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిమిగా మారును. 100 వాట్లు గ్రహించు కంప్యూటరు 100 వాట్ల పాతకాలపు బల్బువలె గదిని వేడిచేయును. ఆ వేడిమిని వెలికి త్రోయుటకు ఫ్యాను కావలసివచ్చును. ఫ్యానువలన రొద పుట్టును. కనుక రొదను అణచుటకు పెట్టెకు పరుపులు చుట్టుట వ్యర్థము; అది వేడిమిని లోపల బంధించి ఫ్యానును మరింత వేగముగా త్రిప్పించును. వేడిమి పుట్టకుండ చూచుటయే సరియైన చికిత్స.

ఫ్యాను విషయమున ప్రకృతి మనకు కొంత అనుకూలముగనే ఉన్నది. దాని వేగమును సగమునకు తగ్గించినచో వీచు గాలి సగమగును. కాని రొద సుమారు 15 డెసిబెళ్లు తగ్గును. 10 డెసిబెళ్లు తగ్గినప్పుడే మనుష్యుని చెవికి శబ్దము సగమైనట్లు తోచును. 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యము 80 మిల్లీమీటర్ల దానికంటె 2.25 రెట్లు అధికము. కావున చిన్న ఫ్యాను వడిగా తిరుగుటకంటె పెద్ద ఫ్యాను మెల్లగా తిరుగుట మేలు. వేడిమి మరింత తక్కువైనచో ఫ్యానే అక్కరలేదు. అల్యూమినియము రెక్కల దిమ్మ యొక్కటి చాలును.

వేడిమి తగ్గించుటకు కీలకము ప్రాసెసరులో ఉన్నది. చిత్రములను చిన్న పరిమాణములో భద్రపరచుటకు కొన్ని పద్ధతులు కలవు. వానిలో హెచ్.264 పద్ధతి 2003లోను, హెచ్.265 పద్ధతి 2013లోను, ఏవీ1 పద్ధతి 2018లోను వెలువడినవి. ఇట్లు కుదించిన బొమ్మను విప్పు పనికి ప్రాసెసరులో ప్రత్యేక విభాగ మున్నచో కొలది వాట్లతోనే పని జరుగును. లేనిచో ప్రాసెసరు తన బలమంతయు వెచ్చించి విప్పవలసియుండును. అప్పుడు వేడిమియు, రొదయు తప్పవు. ఇంటెల్ వారి యేడవ తరపు ప్రాసెసర్లనుండి 10 బిట్ల హెచ్.265ను విప్పు విభాగము కలదు. ఏవీ1ను విప్పునది పదునొకండవ తరమునుండి వచ్చినది. కొనువారు యంత్రపు వేగమునకంటె ముందుగా ఈ గుణమును విచారింపవలయును.

మితవ్యయమునకు మూడు మార్గములు కలవు. మొదటిది, కార్యాలయములలో వాడి విడిచిన చిన్న డెస్క్‌టాపు. లెనోవో, డెల్, హెచ్.పి. సంస్థలు పుస్తకమంత పరిమాణముగల ఇట్టి యంత్రములను చేసినవి. వానిలో పెక్కింట 35 వాట్ల తరగతి ప్రాసెసర్లుండును. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు సాధారణముగా ఎనిమిదవ తరపు ప్రాసెసరైనను ఉండవలయును. అందుచేత ఏడవ తరపు యంత్రములు కార్యాలయములకు పనికిరానివైనవి. కాని లినక్సు వేసికొను గృహస్థునకు అవి చక్కగా పనికివచ్చును. ఢిల్లీలో నెహ్రూ ప్లేసు, చెన్నపట్టణమున రిచీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామగ్రికి పేరొందిన చోట్లు. దుకాణములోనే యంత్రమును నడిపించి, ఫ్యాను వద్ద చెవియొగ్గి విని కొనవలయును. ఇంటికి తెచ్చినపిమ్మట దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిన లేపనమును తుడిచి క్రొత్తది పూసినచో ఫ్యాను వేగము చాలవరకు తగ్గును.

రెండవది, 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుగల చిన్న యంత్రము. ఈ ప్రాసెసరు 6 వాట్ల తరగతిది. పైన చెప్పిన మూడు పద్ధతులను విప్పగలదు. దీనిని అమర్చిన కొన్ని మదరుబోర్డులు ఫ్యాను లేకుండగనే దొరకును. పెట్టె, మెమరీ, ఎస్.ఎస్.డి. విడివిడిగా కొని ఇంటనే బిగించుకొనవచ్చును; దానికి స్క్రూడ్రైవరును, ఒక ఆదివారపు మధ్యాహ్నమును చాలును. మూడవది, రాస్ప్‌బెరీ పై అను అరచేతి యంత్రము. 2019లో వచ్చిన నాలుగవ నమూనా లోహపు పెట్టెలో ఫ్యాను లేకుండ పనిచేయును. దీనికి మరియొక సౌలభ్యము కలదు. టెలివిజను రిమోటు మీటలను ఇది హెచ్.డి.ఎం.ఐ. తీగద్వారా గ్రహించును. సాధారణపు కంప్యూటర్లలో పెక్కింటికి ఈ సౌలభ్యము లేదు. వృద్ధులుగల యింట ఇది చిన్న సంగతి కాదు. రెండు రిమోట్లు, ఒక కీబోర్డు చేతికిచ్చినచో నాయనమ్మ ఆ యంత్రమువైపు చూడదు.

భాండారమును గురించి కొంత చెప్పవలయును. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున భద్రపరచిన రెండున్నర గంటల చిత్రము 9 గిగాబైట్లు పట్టును. 4 టెరాబైట్ల డిస్కులో అట్టివి నాలుగువందలకు పైగా ఇముడును. తిరుగు హార్డుడిస్కు చవుకయే గాని అది గిరగిరమని కదలును; ఆ కదలిక చెక్క బల్లకు సోకినప్పుడు బల్లయే మద్దెలయగును. కనుక యంత్రమును నడపు సాఫ్టువేరును చిన్న ఎస్.ఎస్.డి.లో ఉంచి, పెద్ద డిస్కును రౌటరుకు తగిలించి మరొక గదిలో ఉంచుట ఉత్తమము. అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. ఏ డిస్కునకైనను ఒకనాడు చావు తప్పదు. సినిమా పోయిన మరల దొరకును; అమ్మమ్మ పాట దొరకదు. దానికి రెండవ ప్రతిని వేరొక డిస్కులో, వీలైనచో బంధువులయింట, ఉంచితీరవలయును.

బొమ్మలను, పాటలను ఒక చోట చేర్చి చూపుటకు కోడి యను ఉచితమైన సాఫ్టువేరు కలదు. 2002లో వేరొక పేరుతో పుట్టి, 2014లో ఈ పేరును పొందినది. దీనిలో చేయవలసిన సవరణ యొకటి కలదు. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీయబడును. టెలివిజను తెర సాధారణముగా 60 మారులు మారును. 24తో 60 సమముగా భాగింపబడదు గనుక కెమేరా మెల్లగా ప్రక్కకు జరుగునప్పుడు బొమ్మ తడబడును. చిత్రమునకు తగినట్లు తెర వేగమును మార్చుమని కోడికి ఆజ్ఞాపించినచో, తెర అందుకు ఒప్పునదైనప్పుడు, ఈ తడబాటు పోవును. ఇందుకు ఖర్చు లేదు.

యంత్రమును ఉంచు స్థలము కూడ ముఖ్యము. ఫ్యాను లేని యంత్రము గది వేడిమికంటె ఎల్లప్పుడును కొంత అధికమైన వేడిమితో ఉండును. జనవరిలో గది 20 డిగ్రీలున్నప్పుడు సుఖముగా పనిచేసినది మే నెలలో 40 డిగ్రీల గదిలో అంతకు 20 డిగ్రీలు ఎక్కువగా కాగును. కనుక దానిని అద్దాల బీరువాలో బంధింపక, నాలుగు ప్రక్కల గాలి తగులునట్లు, కాళ్లక్రింద రబ్బరు బిళ్లలు వేసి నిలుపవలయును. మూడు నెలల కొకమారు దుమ్ము దులుపుట గృహస్థధర్మము.

విద్యుత్తు లెక్క స్పష్టమే. దినమునకు నాలుగు గంటల చొప్పున 15 వాట్ల యంత్రము నెలకు 1.8 యూనిట్లు వాడును. 100 వాట్ల యంత్రము 12 యూనిట్లు వాడును. అల్పవిద్యుత్తువలన బిల్లు తగ్గును, వేడిమి తగ్గును, రొద తగ్గును. ఒక్క వివేకమునకు మూడు ఫలములు.

నేడు ఒకే యింట నలుగురు నాలుగు ఫోనులలో నాలుగు లోకములను చూచుచున్నారు. వారిని బలవంతముగా ఒక చోట కూర్చుండబెట్టుట ఎవరితరము కాదు. కాని ముందుగదిలో అమ్మమ్మ గొంతు స్పష్టముగా వినబడినచో, దానిని మ్రింగివేయు యంత్రపు రొద లేనిచో, పిల్లలు తమంతట తామే వచ్చి కూర్చుందురు. పాటలో తెలియని మాటకు అర్థ మడుగుదురు. అర్థము చెప్పుటకు పెద్దలు ప్రక్కననే ఉందురు.