తంపర చెప్పిన లెక్క
(భావనపాడు తీరంలో పెట్టుబడి, పర్యావరణం, వాతావరణ ముప్పు: స్మారకోపన్యాసం)

మా చరిత్ర మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాన్ని నిర్వాహకులు నాకు అప్పగించారు. మాస్టారు చరిత్ర పాఠం చెబుతూ రాజుల వరసకన్నా ముందు ఒక ప్రశ్న వేసేవారు: ఈ పనికి డబ్బు ఎవరు పెట్టారు, నష్టం వస్తే ఎవరి మీద పడింది? ఉత్తరాంధ్రలోని భావనపాడు తీరాన్ని ఈ సాయంత్రం ఆ ప్రశ్నతోనే చూడబోతున్నాను.

కళింగ రేవుల వైభవం, శాలిహుండం స్తూపాలు, జమీందారీ రోజులు ఈ సభలో అందరికీ తెలిసినవే. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకోవడం, 1882 ఉప్పు చట్టం, 1930 సత్యాగ్రహం కూడా అంతే. వాటిని దాటిపోతున్నాను. మాస్టారు ఎన్నడూ దాటిపోనివ్వని ఒక్క ఘట్టం దగ్గర మాత్రం కాస్త ఆగుతాను.

1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది. పాతిక మైళ్ల దారి, రెండున్నర అడుగుల గేజి, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చు. డబ్బు పెట్టింది పర్లాకిమిడి రాజావారు. మొదట్లో నష్టాలే వచ్చాయి. 1910 తర్వాత కొద్దిపాటి లాభం, 1924-25 తర్వాత చెప్పుకోదగ్గ లాభం కనిపించాయి. ఆ ధైర్యంతోనే 1931 నాటికి దారిని గుణుపురం దాకా పొడిగించారు. తీరాన ఉప్పు, లోపల ధాన్యం, కొండల్లో అటవీ సరుకు ఉన్నాయని తెలిసి, ఉన్నదాన్ని కలపడానికి వేసిన దారి అది. పెట్టినవారు ఓపిక పట్టారు, నష్టం వచ్చిన రోజుల్లో దాన్ని తామే మోశారు.

నౌపడ ఉప్పు మడి దగ్గర నిలబడితే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. నేలను తడిపి, తొక్కి తొక్కి గచ్చులా గట్టిపరుస్తారు. ఉప్పుటేటి నీటిని ఒక మడిలో నిలిపి, చిక్కబడ్డాక పక్క మడికి వదులుతారు. అడుగున తెల్లగా పేరుకున్నాక చెక్కపలకతో లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. నడివేసవిలో అకాల వర్షం ఒక్కటి పడితే కుప్ప కరుగుతుంది, మడి మళ్లీ మొదటికొస్తుంది, కూలీకి ఆ రోజుల పని పోతుంది. వాతావరణం వ్యాపారాన్ని ఎలా దెబ్బతీస్తుందో, ఆ దెబ్బ ముందుగా ఎవరికి తగులుతుందో ఈ తీరానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఇక నేను కాగితాలు తిరగేసిన, మనుషులతో కూర్చుని మాట్లాడిన కాలానికి వస్తాను. దానికే ఎక్కువ సమయం తీసుకుంటాను, మన్నించాలి.

కాకరాపల్లి తంపరలో ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ సంస్థ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టింది. దానికి పెట్టిన పేరే భావనపాడు థర్మల్ ప్రాజెక్టు. 2009 ఏప్రిల్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో సోంపేట బీలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ సంస్థ అంతే సామర్థ్యంతో ఇంకొకటి మొదలుపెట్టింది. తంపర అన్నా, బీల అన్నా, రెండు చోట్లా ఎంచుకున్నది చిత్తడి నేలే. రికార్డులో పంట కనబడదు, పట్టాలు తక్కువ, సముద్రం పక్కనే ఉంది. చల్లబరచడానికి నీరు, ఓడల్లో బొగ్గు అందుతాయి. దూరం నుంచి చూసినవారికి ఇంతకన్నా చవకైన చోటు దొరకదు.

దగ్గరగా చూసినవారు వేరే లెక్క చెప్పారు. పై ఊళ్ల గెడ్డల నీరు వచ్చి నిలిచేది తంపరలో. అక్కడ నిదానించి, ఉప్పుటేటి మీదుగా సముద్రానికి పోతుంది. ఆ నేలను మట్టి పోసి ఎత్తుచేస్తే నీరు వడ్డితాండ్ర ఊరి మీదికి, చుట్టుపక్కల పొలాల మీదికి ఎక్కుతుంది. అందులో చేప ఉంది, పశువులకు మేత ఉంది. ఏటా తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు వచ్చేది ఈ నీళ్లకే. వేడినీరు సముద్రంలో కలిస్తే గంగపుత్రులకు ఏమవుతుంది, బూడిద ఉప్పు మళ్ల మీద పడితే ఏమవుతుంది అనీ అడిగారు.

2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇవన్నీ చెప్పుకోవలసిన చోటు ప్రజాభిప్రాయ సేకరణ సభ. నెల రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి, జనం చెప్పింది రాసుకుని అక్కడికక్కడే చదివి వినిపించాలి, దాన్ని అనుమతి ఫైలుకు జతచేయాలి. మన దేశంలో ఒక పరిశ్రమకు ఎదురుకాగల ముప్పులను పైసా ఖర్చు లేకుండా రాసిపెట్టే కాగితం అది. రుణం ఇచ్చే బ్యాంకు ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి ఉంటే సరిపోయేది. చదవలేదనడానికి తర్వాతి కథే సాక్ష్యం.

2010 జులై 14న సోంపేటలో కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అంటే ఊళ్లవాళ్లు మొదటినుంచీ చెబుతున్న మాటను చట్టమూ ఒప్పుకుంది, రెండు ప్రాణాలు పోయిన నాడు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు. మళ్లీ ఇద్దరు. కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. తర్వాత పనులు కొంత సాగి కొంత ఆగి, 2018 మార్చిలో పార్లమెంటు ఇంధన స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఈ కేంద్రం మొండి బాకీల జాబితాకెక్కింది. ఆ జాబితాలో 34 బొగ్గు కేంద్రాలు ఉన్నాయి. వాటి సామర్థ్యం 40,130 మెగావాట్లు, బకాయి సుమారు లక్షా 74 వేల కోట్ల రూపాయలు.

ఇక్కడే నాకు కొందరు విద్యుత్ ఆర్థికవేత్తలతో పాత తగువు ఉంది. ఉద్యమాలు పెట్టుబడిని తరిమేశాయి, ఉత్తరాంధ్ర వెనకబడింది అనేవారితో వాదన తేలిక. ఆ కేంద్రాలు కట్టినా అప్పుల పాలయ్యేవని పై జాబితాయే చెబుతోంది. నా తగువు రెండో వర్గంతో. వారి వాదన ఇది: కాకరాపల్లిని ఆపింది తంపర కాదు, బొగ్గు ధర, విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు లేకపోవడం, ప్రమోటర్ల దగ్గర డబ్బు లేకపోవడం. మిగతా 33 కేంద్రాల్లో చాలావాటికి చిత్తడి నేల లేదు, ఉద్యమం లేదు, అవీ మునిగాయి కదా అంటారు. కృష్ణపట్నాన్ని చూపిస్తారు. 2011లో ఇండోనేషియా బొగ్గు ఎగుమతి ధరల నిబంధన మార్చగానే అక్కడి 4,000 మెగావాట్ల రిలయన్స్ ప్రాజెక్టు ఆగిపోయింది నిజమే.

వాదనలో బలం ఉంది. నేను ఒప్పుకోనిది వారు తేల్చే ఫలితాన్ని. కాకరాపల్లి విషయంలో జాప్యాన్ని ఎక్కడినుంచో వచ్చి పడినదిగా రాస్తారు. ఆ జాప్యం పుట్టింది చోటును ఎంచుకోవడంలోనే. పని ఆగిన ప్రతి ఏడాదీ వడ్డీ పెరిగింది, ఈలోగా బయట ప్రపంచం మారింది. 2017 ఏప్రిల్‌లో కడపలో సౌర విద్యుత్ యూనిట్ 3 రూపాయల 15 పైసలకు, మే నెలలో రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. నేల తెచ్చిన జాప్యమూ, మార్కెట్ తెచ్చిన నష్టమూ ఒకే తాడుకు రెండు కొసలు.

వారి వాదనే సరైనదైతే, ఇంధనం కొననక్కర్లేని సౌర, పవన విద్యుత్తుకు ముప్పే లేదని అర్థం వస్తుంది. అప్పుడు శుభ్రమైన కరెంటు కూడా బొగ్గు వచ్చిన దారినే వస్తుంది. ఖాళీగా కనబడే నేల వెతుక్కుంటుంది, దాని మీద బతికేవారిని అడగదు. నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

2015 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్‌లో చేసిన ప్రసంగం ఆర్థిక ప్రపంచాన్ని కదిలించింది. వాతావరణ మార్పు వల్ల మూడు ముప్పులున్నాయన్నారు: తుపాను, వరద వంటి భౌతిక ముప్పు, నష్టపోయినవారు కోర్టుకెక్కితే వచ్చే బాధ్యత, పాత ఇంధనం నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఆస్తుల విలువ పడిపోవడం. మూడూ ఈ తీరానికి వర్తించాయి. తంపర వరద మొదటిది, సోంపేట అనుమతి రద్దు రెండోదానికి దగ్గరి బంధువు, భడ్లా ధర మూడోది. భౌతిక ముప్పును 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలకూల్చిన తిత్లీ మళ్లీ మళ్లీ గుర్తుచేశాయి.

అధ్యక్షులవారు సమయం చూపిస్తున్నారు. మిగతాది గబగబా చెబుతాను. కంపెనీల చట్టం 2013లో సామాజిక బాధ్యత ఖర్చు తెచ్చింది. సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు సుస్థిరత నివేదిక తప్పనిసరి చేసింది. చిత్తడి నేలల్లోనో, వాటి పక్కనో పనిచేస్తున్నారా, అనుమతి షరతులు పాటిస్తున్నారా అని అందులో ప్రశ్న ఉంది. 2019లో రాష్ట్రం సౌర, పవన ఒప్పందాల ధరలు తిరగదోడబోయింది, 2022 మార్చిలో హైకోర్టు పాత ధరలే చెల్లించమంది. 2023 ఏప్రిల్ 19న మన భావనపాడు రేవు మూలపేట పేరుతో శంకుస్థాపన చేసుకుంది. 2024 అక్టోబరులో రాష్ట్ర సమీకృత శుభ్ర ఇంధన విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడి లక్ష్యం పెట్టుకుంది. 2025 జనవరిలో పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి పునాది పడింది. ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసానికి సరిపడే విషయం.

ఒక్క లోటు మాత్రం చెప్పకుండా దిగలేను. సెబీ నివేదిక లిస్టెడ్ కంపెనీలకే. పెద్ద ప్రాజెక్టులు కట్టేది చాలాసార్లు ప్రైవేట్ లిమిటెడ్ సంస్థలు, ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ అలాంటిదే. వాటిని అడగగలిగేది అప్పిచ్చేవారే. 2024 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి కాల్పులకు సరిగ్గా 13 ఏళ్లు నిండిన రోజున, రిజర్వు బ్యాంకు వాతావరణ ముప్పులను బ్యాంకులు వెల్లడించాలంటూ ముసాయిదా విడుదల చేసింది. ఆ దారిని మనం వాడుకోవాలి. ప్రజాభిప్రాయ సేకరణలో జనం చెప్పినదంతా రుణ ఫైలులో చేరాలి. ఒక్కో అభ్యంతరానికీ బ్యాంకు తన సమాధానం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ సమాధానం తెలుగులో ఊరికి అందాలి. బొగ్గుకైనా, రేవుకైనా, సౌర ఫలకాలకైనా ఇదే నియమం. ఈ కోరికను తీర్మానంగా రాసి బ్యాంకులకు, ప్రభుత్వానికి ఈ సభ తరఫున పంపమని నిర్వాహకులను కోరుతున్నాను.