పడవలో శీతలపెట్టె

(వెలుగోడులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇక్కడి జలాశయమును చూడవచ్చినప్పుడు మీలో ఒక పెద్దమనిషి నన్ను ఇట్లు అడిగిరి: "ఇండ్లలో ఫ్రిజ్ ఉన్నది గదా. అటువంటిదే చిన్నదిగా చేయించి మన జాలరుల పడవలో పెట్టరాదా?" ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక పెద్ద బాధ ఉన్నది. రాత్రి వల వేసి తెల్లవారుజామున తీసిన చేప ఎండ ముదిరిన కొలది చెడిపోవును. ఈ సంగతి ఎరిగిన బేరగాడు తాను చెప్పినదే ధర అని కూర్చుండును. జాలరికి వేచియుండుటకు వ్యవధి లేదు. ఆ వ్యవధిని అతని చేతికి ఇచ్చునది చల్లదనమే.

శ్రీశైలపు నీరు పోతిరెడ్డిపాడు, బనకచర్లల మీదుగా వచ్చి, సుమారు 17 టి.ఎం.సి.ల సామర్థ్యము గల మన జలాశయమును నింపుచున్నది. తెలుగుగంగ పథకము సేద్యమునకును, చెన్నై నగరపు త్రాగునీటికిని ఉద్దేశింపబడినది. అయినను ఈ నీటిపై పుట్టి, తెప్ప నడుపుకొని బ్రతుకు కుటుంబములు ఉన్నవి. కనుక ఆ సభ్యుని ప్రశ్నకు శ్రద్ధగా సమాధానము చెప్పుకొందము.

ఇంటి ఫ్రిజ్ పడవకు తగదు. అది 230 వోల్టుల విద్యుత్తుతో, కదలని నేలపై నిలిచి పనిచేయునది. దాని తలుపు ముందువైపునకు తెరచుకొనును. చల్లని గాలి బరువైనది గనుక తలుపు తీసినప్పుడెల్ల క్రిందికి జారి బయటికి పోవును. పడవలోని పెట్టెకు మూత పైననే ఉండవలెను.

12 వోల్టుల బ్యాటరీపై నడచు చిన్న శీతల యంత్రములు ఉన్న మాట నిజమే. పడవ కొలతకు పెట్టె కట్టి, అందులో వాటిని అమర్చుకొనువారు కలరు. యంత్రమునుండి వెలువడు వేడి పోవుటకు గాలి దారి విడిచి, బ్యాటరీని సౌరఫలకముతో నింపుకొందురు. అయితే లెక్క చూడుడు. 30 డిగ్రీల వేడిమి గల 20 కిలోల చేపను సున్న డిగ్రీకి దింపుటకు సుమారు 500 కిలో కెలోరీల వేడిని తీయవలెను. అట్టి చిన్న యంత్రమునకు ఇది ఎన్నో గంటల పని. అంతలో చేప చెడనారంభించును. ఒక కిలో ఐసు కరగునప్పుడు 80 కిలో కెలోరీల వేడిని పీల్చును. అనగా ఆరేడు కిలోల ఐసుతో ఆ పని నెరవేరును. పొడిచేసిన ఐసు చేపను నలువైపుల అంటియుండుటచే త్వరగా నెరవేరును. చల్లగా ఉన్నదానిని నిలుపుటకు చిన్న యంత్రము చాలును. వేడి చేపను వెంటనే చల్లార్చుటకు ఐసే కావలెను.

మిగిలిన ఐసును కాపాడునది పెట్టె గోడ. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి కలకత్తాకు నాలుగు నెలల ఓడ ప్రయాణములో 180 టన్నుల ఐసును పంపగా, సుమారు 100 టన్నులు కరగక చేరినది. ఆ ఓడలో శీతల యంత్రము లేదు. వేడిని చొరనీయని మందపు పొరలు మాత్రమే ఉన్నవి. మన నీరు చేరు చెన్నైలోనే అట్టి ఐసును దాచిన 'ఐస్ హౌస్' భవనము నేటికిని నిలిచియున్నది.

మన పెట్టె లోపలి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతు అనుకొనుడు. గోడలో 5 సెంటీమీటర్ల మంచి ఫోము ఉన్నచో, మూత తెరవకుండిన రోజునకు సుమారు 5 కిలోల ఐసు కరగును. 10 సెంటీమీటర్లు ఉన్నచో అందులో సగమే కరగును. ఫోములోనికి నీరు దిగినచో ఆ గుణము పోవును. కనుక లోపల, వెలుపల ఫైబరుగ్లాసు పొర అతుకు లేకుండ ఉండవలెను. అడుగున కరగిన నీరు పోవుటకు బిరడా గల రంధ్రము కావలెను.

సమాన బరువున చేప, ఐసు తీసికొని, క్రింద ఐసు, నడుమ చేప, మీద ఐసు వరుసలుగా పేర్చుట మంచిది. ఐసు త్రాగదగిన నీటితో చేసినదై ఉండవలెను. 20 కిలోల చేప, 20 కిలోల ఐసు, పెట్టె కలసి ఒక మనిషి బరువు అగును. కనుక పడవలో ఒక మనిషిని తగ్గించి, పెట్టెను నడుమ క్రిందుగా గట్టిగా బిగించవలెను. గుండ్రని పుట్టిలో ఇది క్షేమము కాదు. పుట్టివారికి పెట్టెను ఒడ్డున ఉంచుటయే మేలు.

సభ్యులారా! రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్య పరిశ్రమ ఒకటి. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసుపెట్టె గల సైకిళ్లకు, మోటారు సైకిళ్లకు సాయము చేర్చబడినది. ఖర్చులో సాధారణ వర్గములకు 40 శాతము, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, స్త్రీలకు 60 శాతము వరకు సాయము నిర్ణయించిరి. నేటి నిబంధనలను నంద్యాల జిల్లా మత్స్యశాఖవారిని అడిగి తెలిసికొని, మత్స్యకారులను పిలిచి వినిపింపుడు. తలపై గంపతో చేపలమ్ము స్త్రీలను మరువకుడు.

పెట్టె కొనకముందు ఒక పరీక్ష చేయుడు. పది కిలోల ఐసు వేసి, మూత బిగించి, నీడన ఒక పగలు, ఒక రాత్రి ఉంచుడు. మరునాడు మిగిలినది తూచుడు. అమ్మువాని మాటలకన్న ఆ తూకమే నిజము చెప్పును. గోడ మంచిదైన పిదప, యంత్రము కావలెనా వద్దా అన్నది తీరికగా యోచింపవచ్చును. నన్ను ప్రశ్నించిన పెద్దమనిషికి నేను చెప్పగల సమాధానము ఇదియే.